సెడానా, ఎస్‌యూవీనా: ఒక ఇఫ్ కండిషను చరిత్ర

చేతిలో నాలుగు డబ్బులు పడి, ఇంటి అప్పు ఒక దారికొచ్చి, పాత కామ్రీ లక్షన్నర మైళ్ళు దాటాక మనబోటి సాఫ్టువేరు జీవులకి ఓ తీయని కష్టం వచ్చి పడుతుంది. ఈసారైనా కాస్త సరదా కారు కొనుక్కుందామా అని. అక్కడిదాకా బాగానే ఉంటుంది. షోరూముకి వెళ్ళాక మొదలవుతుంది అసలు తంటా. ఒకే కంపెనీ, ఒకే మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజను, ఒకే గేరుబాక్సు. ఆ ఇంజను ఉన్న కార్లు మాత్రం రెండు. ఒకటి నేలకి అతుక్కున్నట్టుండే స్పోర్టీ సెడాన్, రెండోది ఎత్తుగా ఠీవిగా నిలబడ్డ లగ్జరీ ఎస్‌యూవీ. న్యూజెర్సీలో ఉండే మా మిత్రుడొకాయన రెండు నెలలుగా ఈ రెంటి మధ్యా ఊగిసలాడుతున్నాడు. ఇంట్లో ఆవిడ ఎస్‌యూవీ అంటుంది, ఈయన మనసేమో సెడాన్ మీద.

నేను మెకానిక్కుని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఏదైనా ప్రోగ్రాము వింతగా ప్రవర్తిస్తుంటే దాని వెనక ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన పాత కోడు ఎక్కడుందా అని వెతకడం మన వృత్తిధర్మం కదా. రెండు టన్నుల బండికి రేసు కారు ఇంజను పెట్టి అమ్మడం, దాన్ని మనం ఎగబడి కొనడం నాకు అలాంటి వింతగానే కనిపిస్తుంది. తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, ఇది మన అభిరుచికి సంబంధించిన ఎంపిక అని మనం అనుకుంటాం గానీ, సగం ఎంపిక మన తరఫున చట్టాలు ఎప్పుడో చేసిపెట్టేశాయి.

ముందు సెడాన్ సంగతి చూద్దాం. యుద్ధం తర్వాతి యూరప్‌లో మామూలు సంసారికి ఒక్క కారు కొనగలగడమే ఎక్కువ. ఆఫీసుకీ అదే, పిల్లలకీ అదే, ఆదివారం కొండదారిలో సరదాకీ అదే. ఆ అవసరంలోంచి పుట్టిందే స్పోర్టీ సెడాన్. 1962లో ఆల్ఫా రోమియో జూలియా వచ్చింది. చూస్తే అగ్గిపెట్టెలా ఉంటుంది, నాలుగు తలుపులు, వెనక డిక్కీ. లోపల మాత్రం 1.6 లీటర్ల ట్విన్ క్యామ్ ఇంజను, ఐదు గేర్లు. ఇటలీ పోలీసులు దొంగల్ని తరమడానికి దాన్నే వాడారు. అదే కాలంలో జర్మనీలో బీఎండబ్ల్యూ దివాలా అంచున ఉంది. 1959 డిసెంబరులో డైమ్లర్-బెంజ్ చేతికి పోవాల్సిన కంపెనీ వాటాదారుల మీటింగులో తృటిలో తప్పించుకుంది. హెర్బర్ట్ క్వాంట్ అనే పెట్టుబడిదారుడు డబ్బు పెట్టి నిలబెట్టాడు. ఆ తర్వాత 1961లో ఫ్రాంక్‌ఫర్టులో చూపించిన 1500 అనే నాలుగు తలుపుల సెడాన్ కంపెనీని ఒడ్డున పడేసింది. 1968లో మెర్సిడెస్ వాళ్ళు ఇంకో అడుగు వేశారు. దేశాధ్యక్షుల కోసం చేసిన 600 లిమోజీన్ ఇంజను, 6.3 లీటర్ల వీ8, తీసి మామూలుగా కనిపించే 300 సెడాన్లో దించేశారు. 1980ల మధ్యలో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 ఆ దారికి రాజమార్గం వేసింది.

ఈ కథలన్నిట్లో ఒక విషయం గమనించండి. ఉన్న కారుని తేలిక చెయ్యడం, ఇంజను మెరుగు చెయ్యడం, వంపుల్లో నిలిచేలా చెయ్యడం. అంతా రోడ్డు నేర్పిన పాఠాలే.

ఎస్‌యూవీ కథ వేరు. అది రోడ్డు లేని చోట పుట్టింది. అమెరికాలో 1963 మోడలుగా వచ్చిన జీప్ వాగనీర్‌ని చాలామంది ఈ వంశానికి మూలపురుషుడంటారు. జీపు ఎముకల మీద కుటుంబం కూర్చునే ఒళ్ళు పెట్టారన్నమాట. ఇంగ్లండులో 1970లో రేంజ్ రోవర్ వచ్చింది. ఇవాళ దాని పేరు చెబితే తోలు సీట్లు, చెక్క పనితనం గుర్తొస్తాయి గానీ, మొదటి రేంజ్ రోవర్లో ఉన్నవి ప్లాస్టిక్ సీట్లు, రబ్బరు మ్యాట్లు. పొలం నుంచి వచ్చాక గొట్టంతో నీళ్ళు కొట్టి లోపల కడిగేసుకునే బండి అది. తలుపులు కూడా రెండే. నాలుగు తలుపులది కంపెనీ నుంచి రావడానికి 1981 దాకా పట్టింది.

మరి పొలంలో తిరగాల్సిన బండి ఊళ్ళోకి, అందులోనూ మాల్ పార్కింగులోకి ఎలా వచ్చింది? ఇక్కడే చట్టం రంగప్రవేశం చేస్తుంది. అదీ కోళ్ళ దగ్గర మొదలై!

నిజమండీ. 1960ల మొదట్లో చవకైన అమెరికా కోళ్ళు యూరప్ మార్కెట్‌ని ముంచెత్తాయి. అక్కడివాళ్ళు 1962లో సుంకాలు పెంచారు. దానికి జవాబుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. కోళ్ళ గొడవ చల్లారింది, మిగతా సరుకుల మీద సుంకాలు పోయాయి, ట్రక్కు సుంకం మాత్రం నేటికీ అలాగే ఉంది. దాంతో చిన్న ట్రక్కులు డెట్రాయిట్‌కి పోటీ లేని పెరటి తోట అయ్యాయి. కార్లలో జపాను వాళ్ళతో చావుదెబ్బలు తింటున్నా ట్రక్కుల్లో లాభాలు నిలిచాయి.

ఇక అసలు ఇఫ్ కండిషను. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా కాంగ్రెసు 1975లో ఇంధన చట్టం చేసింది. ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజి 1985 నాటికి గాలనుకి 27.5 మైళ్ళకి, అంటే మన లెక్కలో లీటరుకి సుమారు 11.7 కిలోమీటర్లకి రావాలి. బాగుంది. కానీ రైతులు, మేస్త్రీలు వాడుకునే ట్రక్కుల్ని అదే గాట కట్టేస్తే ఎలా అని వాటికి వేరే లెక్క పెట్టారు. 1996 నుంచి 2004 మోడళ్ళ దాకా ఆ లెక్క 20.7 మైళ్ళ దగ్గరే ఆగిపోయింది. అంటే లీటరుకి 8.8 కిలోమీటర్లు. మరి ట్రక్కు అంటే ఏమిటి? సరుకు మోసేది, లేదా రోడ్డు దిగి నడవగలిగేది. ఈ "నడవగలిగేది" అన్న మాటలో ఉంది మొత్తం కిటుకు. నడవక్కర్లేదు, నడవగలిగితే చాలు.

ఆ రోడ్డు దిగే సామర్థ్యానికి కొలతలు కూడా ఉన్నాయి. ముందు బంపరు కింద కోణం ఇంత, వెనక ఇంత, నేలకీ బండి అడుగుకీ మధ్య 20 సెంటీమీటర్లు, ఇరుసుల కింద 18 సెంటీమీటర్లు. ఇలా ఐదింట్లో నాలుగు సరిపోయి, నాలుగు చక్రాల డ్రైవు ఉంటే ట్రక్కు కింద లెక్క. నిబంధన తెలిసిన ఇంజనీరు ఏం చేస్తాడో మనకి తెలియదా? టెస్టు కేసు ఏదో ముందే తెలిస్తే దానికి సరిపడా కోడు రాస్తాం. వాళ్ళూ అదే చేశారు. పెద్ద కుటుంబాలు అప్పటిదాకా వాడిన స్టేషన్ వాగన్ కారు లెక్కలో పడి సగటు మైలేజిని కిందికి లాగేది. అదే జనాన్ని, అదే సామాన్లని మోసే బండిని కాస్త ఎత్తు చేస్తే ట్రక్కు లెక్కలోకి పోతుంది. వాగన్ పోయింది, ఎస్‌యూవీ వచ్చింది. 1984 మోడలు జీప్ చెరొకీ, 1990లో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఈ దారిని హైవే చేసేశాయి.

తమాషా ఏమిటంటే ఈ బండి దిగుమతి సుంకం దగ్గరికి వచ్చేసరికి కారు అయిపోతుంది. కోడి సుంకం తప్పించుకోవాలి కదా మరి. 1989లో ప్రభుత్వమే నాలుగు తలుపుల ఎస్‌యూవీలు ప్రయాణికుల బళ్ళేనని తేల్చింది. నిస్సాన్ పాత్‌ఫైండర్ రెండు తలుపులది కూడా కారేనని 1994లో కోర్టు తీర్పిచ్చింది. రేవులో దిగేటప్పుడు కారు, పెట్రోలు లెక్కలో ట్రక్కు! మన పురాణాల్లో కామరూపధారులు కూడా ఇంత హాయిగా రూపం మార్చి ఉండరు.

పన్నుల్లోనూ ఇదే వరస. 1978లో పెట్రోలు తాగుబోతు కార్ల మీద ఒక పన్ను పెట్టారు. గాలనుకి 22.5 మైళ్ళు ఇవ్వని కారుకి వర్తిస్తుంది, బండిని బట్టి 1,000 నుంచి 7,700 డాలర్ల దాకా. కానీ ఎస్‌యూవీలకి వర్తించదు. అప్పట్లో వాటిని ఇంటి అవసరాలకి వాడేవాళ్ళు అరుదు కాబట్టి వదిలేశారు. వాడకం మారినా మినహాయింపు మారలేదు. 1991లో ఖరీదైన కార్ల మీద విలాస పన్ను వేస్తే, మొత్తం అనుమతి బరువు 6,000 పౌండ్లు దాటిన ట్రక్కులకి అందులోనూ మినహాయింపే. 2003లో చిన్న వ్యాపారులు కొనే సామగ్రి ఖర్చుని లక్ష డాలర్ల దాకా ఒకే ఏడాది ఆదాయంలోంచి తీసేసుకోవచ్చన్నారు. 6,000 పౌండ్లు దాటిన ఎస్‌యూవీ కూడా ఆ సామగ్రిలోకే వచ్చింది. సొంత క్లినిక్కో, కన్సల్టింగు కంపెనీయో ఉన్నవాళ్ళకి ఆడిటర్లు "పెద్ద బండి కొనండి సార్" అని సలహా ఇచ్చిన రోజులవి. గోల ఎక్కువై 2004 చివర్లో ఎస్‌యూవీలకి ఆ పరిమితిని 25,000కి తగ్గించారు.

ఇంత మేత కనిపిస్తుంటే జర్మన్లు ఊరుకుంటారా? 1997లో మెర్సిడెస్ అలబామాలో ఫ్యాక్టరీ పెట్టి ఎం-క్లాస్ తీసుకొచ్చింది. 1994లో రోవర్ కంపెనీని కొన్న బీఎండబ్ల్యూ చేతిలో ల్యాండ్ రోవర్ ఉండనే ఉంది. అయినా 1999లో సౌత్ కరోలినా ఫ్యాక్టరీ నుంచి సొంతంగా ఎక్స్5 దింపి, మరుసటి ఏడాది ల్యాండ్ రోవర్‌ని ఫోర్డుకి అమ్మేసింది. (ఫోర్డు దగ్గర్నుంచి 2008లో జాగ్వార్‌తో కలిపి మన టాటాలు కొన్నారు, అది మీకు తెలిసిందే.) పోర్షె కథ ఇంకా ఆసక్తికరం. 1990ల మొదట్లో వాళ్ళ అమ్మకాలు ఏడాదికి 15,000 కార్ల లోపుకి పడిపోయాయి. వీడెకింగ్ అనే ఆయన పగ్గాలు పట్టి, ముందు బాక్‌స్టర్‌తో ఊపిరి పోసి, 2002లో కయెన్ అనే ఎస్‌యూవీని వదిలాడు. పోర్షె భక్తులు శాపనార్థాలు పెట్టారు. కానీ 2003-04 ఆర్థిక సంవత్సరానికల్లా వాళ్ళ ప్రాణప్రదమైన 911 కన్నా కయెన్‌లే ఎక్కువ అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతోనే 911 కూడా బతికింది. 2022 నాటికి ఫెరారీ కూడా పురోసాంగ్వే అని ఎత్తైన నాలుగు తలుపుల బండి తీసింది, దాన్ని ఎస్‌యూవీ అనొద్దని బతిమాలుతూ.

ఇప్పుడు మా మిత్రుడి ప్రశ్నకి దగ్గరగా వద్దాం. ఇంజను ఒకటే అయినప్పుడు ఆకారం వల్ల ఎంత తేడా వస్తుంది? దీనికి ఆల్ఫా రోమియో వాళ్ళు తెలియకుండానే చక్కటి ప్రయోగం చేసిపెట్టారు. 2015లో కొత్త జూలియా సెడాన్, 2016లో దాని పునాది మీదే స్టెల్వియో ఎస్‌యూవీ. రెంటికీ క్వాడ్రిఫోలియో అనే ఘాటు రూపం ఉంది. అదే 2.9 లీటర్ల ట్విన్ టర్బో వీ6, అవే 510 గుర్రాలు, అవే ఎనిమిది గేర్లు. కంపెనీ చెప్పిన బరువులు చూస్తే జూలియా 1,524 కిలోలు, స్టెల్వియో 1,830 కిలోలు. సుమారు 300 కిలోల తేడా. నలుగురు పెద్దమనుషుల్ని ఎప్పుడూ మోసుకు తిరుగుతున్నట్టు.

సరళరేఖలో 100 కిలోమీటర్ల వేగం అందుకోడానికి సెడాన్‌కి 3.9 సెకన్లు, ఎస్‌యూవీకి 3.8. అవును, ఎస్‌యూవీయే ముందు. నాలుగు చక్రాలూ తోస్తాయి కాబట్టి. డీలరు ఈ అంకె దగ్గరే ఆగిపోతాడు. మనం ఆగకూడదు. జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్, 20.8 కిలోమీటర్ల వంపుల దారి. అక్కడ సెడాన్ 7 నిమిషాల 32 సెకన్లలో చుట్టి వచ్చింది, ఎస్‌యూవీకి 7 నిమిషాల 51.7 సెకన్లు పట్టింది. నాలుగు చక్రాల పట్టు ఉండి కూడా దాదాపు 20 సెకన్లు వెనక. మనం నూర్బర్గ్‌రింగ్‌కి వెళ్ళం, నిజమే. కానీ ఆ 20 సెకన్లలో దాగున్న భౌతికశాస్త్రం రోజూ మన వెంట వస్తుంది. ఒకే వేగంలో 20 శాతం ఎక్కువ బరువుని ఆపాలంటే బ్రేకులు 20 శాతం ఎక్కువ శక్తిని మింగాలి. గరిమనాభి పైకి పోతే వంపులో బండి వాలుతుంది.

ఈ వాలే గుణాన్ని కొలవడానికి ఒక తేలిక సూత్రం ఉంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించడమే. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ లెక్క ప్రకారం మామూలు కార్లకి ఇది 1.3 నుంచి 1.5 ఉంటే, ఎస్‌యూవీలకి 1.0 నుంచి 1.3. అంకె తగ్గేకొద్దీ పల్టీ కొట్టే అవకాశం ఎక్కువ. ఇది కాగితం మీది లెక్క కాదని 2000లో లోకానికి తెలిసింది. ఎక్స్‌ప్లోరర్లకి వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు విడిపోయి బళ్ళు పల్టీలు కొట్టాయి. 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. 270 మందికి పైగా పోయారు. టైరుదా తప్పు, బండిదా తప్పు అని రెండు కంపెనీలూ పోట్లాడుకున్నాయి. న్యాయంగా చెప్పాలంటే ఆ తర్వాత పరిస్థితి బాగా మారింది. 2012 మోడలు నుంచి అమెరికాలో అమ్మే ప్రతి చిన్న బండికీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. పల్టీలు బాగా తగ్గాయి. ఇవాళ్టి లగ్జరీ ఎస్‌యూవీ కొన్నవాడు ఆ భయంతో నిద్ర మానుకోనక్కర్లేదు.

కానీ ఒక ప్రమాదాన్ని సాఫ్టువేరు పూర్తిగా సరిచెయ్యలేకపోతోంది. అది బండి లోపల ఉన్నవాళ్ళది కాదు, ముందు నడిచేవాళ్ళది. సెడాన్ తగిలితే దెబ్బ కాళ్ళకి పడి మనిషి బానెట్ మీదికి ఒరుగుతాడు. ఎత్తైన నిటారు ముక్కు తగిలితే దెబ్బ ఛాతీకి, చిన్నపిల్లలైతే తలకి. అమెరికా బీమా కంపెనీల భద్రతా సంస్థ 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బళ్ళు, 30 అంగుళాల లోపు ఉండి వాలుగా ఉన్నవాటి కంటే పాదచారి ప్రాణం తీసే అవకాశం 45 శాతం ఎక్కువ. అమెరికాలో రోడ్డు మీద చనిపోయిన పాదచారులు 2009లో 4,100 మంది, 2022లో 7,500 పైన. దీనికి చీకటి, ఫోన్లు, రోడ్ల తీరు ఇలా చాలా కారణాలున్నాయి, నేరమంతా ఎత్తు బళ్ళ మీద తొయ్యడం అన్యాయం. కానీ ఆ కారణాల్లో ఎత్తు కూడా ఒకటి. చట్టం పెట్రోలు కోసం గీసిన గీత రోడ్డు దాటుతున్న మనిషి ఛాతీ ఎత్తులో వచ్చి ఆగింది. అది రాసినవాళ్ళకి ఈ ఉద్దేశం లేదు. బగ్గులన్నీ అలాగే పుడతాయి.

మన దేశంలో ఏం తక్కువ కాదు. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకి ఎక్సైజు 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. వెంటనే సెడాన్ల డిక్కీలు కోసేశారు. 2008లో వచ్చిన ఇండిగో సీఎస్ ఆ కోతకి మొదటి నమూనా. 2013లో ఎస్‌యూవీల మీద పన్ను పెంచుతూ, నాలుగు మీటర్ల పొడవు, 1500 సీసీ ఇంజను, 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు అని స్కేలు పట్టుకుని నిర్వచించారు. అంటే అమెరికాలో ఎత్తు పెంచితే లాభం, ఇక్కడ నష్టం. అయినా ఇక్కడ కూడా ఎత్తు బండే గెలిచింది. గతుకుల రోడ్లు ఒక కారణం, దర్జా ఇంకో కారణం. ఎమ్మెల్యేల అంబాసిడర్లు పోయి స్కార్పియోలు వచ్చిన కాలం, ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచిన కాలం చూసిన మనకి ఎత్తు బండి అంటే అధికారం అని ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. అమెరికా వచ్చినా ఆ సుమో మన బుర్రలోంచి దిగదు :-)

మరి ఎస్‌యూవీకి అసలు గుణాలే లేవా? ఉన్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆర్నెల్లకని వస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకి సెడాన్లోకి దిగడం, అందులోంచి లేవడం శిక్షే. తుంటి ఎత్తులో సీటుంటే పక్కకి జరిగి కూర్చుంటే చాలు. పసిపిల్ల కారు సీటులో పడుకోబెట్టడానికి మన నడుం వంగక్కర్లేదు. ఇవి చిన్న విషయాలు కావు, రోజుకి నాలుగుసార్లు అనుభవించేవి. "మంచులో ఎలా గురూ?" అన్న మా మిత్రుడి ప్రశ్న మాత్రం నిలబడదు. నాలుగు చక్రాల డ్రైవు సెడాన్లలో 1980 నాటి ఆడి క్వాట్రో తర్వాత మెల్లగా అలవాటైపోయింది, ఎం5కి కూడా 2017లో వచ్చేసింది. పైగా మంచులో ఆగడానికి కావలసింది డ్రైవు కాదు, చలికాలపు టైర్లు.

ఏతావాతా నేను చెప్పేదిది. ఎత్తు కావాలా, ఆట కావాలా తేల్చుకోండి. ఇంట్లో మోకాళ్ళున్న పెద్దలు, పసిపిల్లలు ఉంటే ఎస్‌యూవీ కొనండి, కానీ మామూలు ఇంజనుది. దానికి 400 గుర్రాలు కట్టడమంటే బరువు వల్ల పోయినదాన్ని డబ్బు పోసి తిరిగి కొనుక్కోవడం. అందులో సగం ఖర్చు మంచి టైర్లకి పెట్టండి. కొనేముందు బండి ముందు మీ ఐదేళ్ళ పిల్లని నిలబెట్టి డ్రైవరు సీటులోంచి కనిపిస్తుందో లేదో చూడండి. నడపడంలో సుఖం కావాలంటే సెడాన్ తీసుకోండి. 1962 నుంచీ ఆ పని కోసమే దాన్ని చెక్కుతూ వచ్చారు. రెండూ ఒకే బండిలో కావాలనుకునేవాళ్ళ కోసం తయారైందే పెర్ఫార్మెన్స్ ఎస్‌యూవీ. అది రెండు పనులూ చేస్తుంది, నిజమే. కానీ ఆ సెడాన్ అంత బాగా నడవదు, ఆ మామూలు ఎస్‌యూవీ అంత చవగ్గా రాదు. మా మిత్రుడికి సెడాన్, చలికాలపు టైర్ల జత, అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక అద్దె ఎస్‌యూవీ చాలన్నాను. లెక్క వేసి చూస్తే ఇంకా డబ్బులు మిగులుతాయి.